దించి మళ్ళీ ఎత్తాలి

ఆ వానాకాలం అన్నయ్య నాతో మాట్లాడలేదు. తప్పు నాదే అని ఇప్పుడు అనడం తేలిక. అప్పుడు మాత్రం నేనూ ఏం తక్కువ తినలేదు. వాడు ముఖం తిప్పుకుంటే నేను వీపే తిప్పేసుకున్నాను.

మాది జీపుల షెడ్డు. కొండ దారులూ, రాళ్ళ క్వారీలూ, మోకాలి లోతు బురదా తొక్కే మొండి బండ్లే మా దగ్గరికి వచ్చేవి. ఇంటి వెనక తలుపు తీసి రెండడుగులు వేస్తే షెడ్డు. వంటింటి కిటికీ అందులోకే తెరుచుకునేది కాబట్టి వదినకి మేం ఏ బండికి ఏం చేస్తున్నామో, ఎవరం ఎవరిమీద విసుక్కుంటున్నామో అన్నీ తెలిసేవి.

నాన్న మాకు ఇచ్చిపోయింది ఆ షెడ్డూ, ఒక పద్ధతీ. బండిని జాకీ మీద ఎత్తేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒకరు జాకీ కొట్టాలి, ఒకరు వినాలి. వినేవాళ్ళు పొడుగు స్క్రూడ్రైవర్ మొనని బండి అడుగున ఉండే ఇనప చట్రం ఛాసిస్‌కి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టుకోవాలి. వాళ్ళు "ఊ" అంటేనే తర్వాతి దెబ్బ. బరువు చక్రాల మీద ఉన్నంతసేపు బండిలో దాక్కున్న జబ్బు ఏదైనా, ఎత్తడం మొదలుపెట్టగానే బయటపడుతుంది. బండి బరువు మోసే కమాన్ పట్టీలు సాగేటప్పుడు ముసలాళ్ళ మోకాళ్ళలా కిర్రుమంటాయి, అది మామూలే. కీళ్ళలో ఉండే రబ్బరు బుష్‌లు అరిగితే తడి చెప్పులతో నడిచినట్టు ఉంటుంది. టక్కుమని గట్టిగా ఒక్కసారే వస్తే ఆలోచించాలి. ఎక్కడినుంచి వచ్చిందో తెలియని చప్పుడైతే మాత్రం ఆలోచన కూడా లేదు. దించి మళ్ళీ ఎత్తాలి. అది బండిదో, జాకీదో, కింద నేలదో తేలేదాకా ఎవరూ బండి కిందకి దూరకూడదు.

కొట్టడం అన్నయ్యకీ, వినడం నాకూ నేర్పాడు నాన్న. "వాడివి మంచి భుజాలు, దీనిది మంచి చెవి" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. అన్నయ్య నవ్వేవాడు. ఆ నవ్వు కింద ఏముందో నేను వినలేకపోయాను. బండ్ల మాట వేరు.

ఇంకొక్కటి చెప్పాలి, లేకపోతే వాణ్ణి మీరు తప్పుగా అనుకుంటారు. పెళ్ళయిన ఏడాదిన్నరకి నేను పెట్టె పట్టుకుని తిరిగొచ్చినప్పుడు వాడు ఎందుకని అడగలేదు. "తిన్నావా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, "పద, పనుంది" అన్నాడు. ఇప్పటిదాకా కూడా ఎందుకొచ్చావని అడగలేదు వాడు. ఇప్పటిదాకా అంటున్నాను చూడండి. అలవాటు పోవడం లేదు.

మొదటి వానలు పడ్డ వారం. క్వారీ డ్రైవరు జీపు తెచ్చాడు. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఎడమవైపు ఏదో కొట్టుకుంటోందని. మనిషి మంచివాడే గానీ నోటికి తాళం ఉండదు. ఆయనతోపాటు ఇంకో ఇద్దరు డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

అన్నయ్య కొట్టాడు, నేను విన్నాను. నాలుగో దెబ్బకి టక్ మంది. "ఆగు" అన్నాను. దించి మళ్ళీ ఎత్తాడు. సరిగ్గా అక్కడే మళ్ళీ అదే చప్పుడు.

"షాకిల్ బుష్" అన్నాడు అన్నయ్య, చేతులు తుడుచుకుంటూ. "పోయింది. మార్చేస్తే సరి."

"బుష్ కాదు" అన్నాను నేను. "ఛాసిస్. చీలింది."

"బుష్షే."

"చీలింది అంటుంటే. రబ్బరు అలా మోగదు."

అక్కడ నోరు మూసుకోవాల్సింది. వాళ్ళు వెళ్ళాక చెప్పినా బండి ఎక్కడికీ పారిపోదు. కానీ నాకు నేను కరెక్టని తెలిసినప్పుడు నా నోరు నా మాట వినదు. వైరు బ్రష్‌తో మట్టి గీకాను. కిరోసిన్ పూసి, తుడిచి, సుద్దముక్కతో తెల్లగా రుద్దాను. చీలికలోకి దిగిన కిరోసిన్ మళ్ళీ పైకి ఊరి సుద్దని తడుపుతుంది. అందరం చూస్తూ ఉన్నాం. స్ప్రింగ్ బ్రాకెట్ పక్కన వెంట్రుకంత సన్నటి నల్లగీత బెత్తెడు పొడుగున తేలింది.

క్వారీ డ్రైవరు పగలబడి నవ్వాడు. "ఏమయ్యా మేస్త్రీ, చెవులన్నీ చెల్లెలికే ఇచ్చేసి నీకు భుజాలు మిగిల్చాడా మీ నాన్న?" మిగతా ఇద్దరూ నవ్వారు.

నేనూ నవ్వాను. అదే నేను చేసిన పని. నవ్వకుండా ఉంటే సరిపోయేదేమో.

అన్నయ్య ముఖం మాడిపోయింది. ఆ ఛాసిస్‌కి వెల్డింగ్ చేసి, పైన పట్టీ వేసి, ఒక్క మాట మాట్లాడకుండా బండి పంపించాడు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, నావైపు చూడకుండానే, "నలుగురిలో నా పరువు తీశావు" అన్నాడు. "ఆ బండి కొండ దిగేటప్పుడు విరిగితే అప్పుడు పోయేది పరువు" అన్నాను నేను. వాడు తువ్వాలు తీగ మీద వేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు నాతో మళ్ళీ మాట్లాడింది ఆసుపత్రిలోనే.

మొదట్లో నవ్వులాటగానే ఉండేది. నేను వాడికి మూరెడు దూరంలో ఉంటే, వాడు కిటికీవైపు తిరిగి, "మీ ఆడపడుచుకి చెప్పు, పద్నాలుగో నంబరు స్పానరు ఇమ్మని" అనేవాడు. వదిన లోపల్నుంచి, "అమ్మాయ్, పద్నాలుగో నంబరట" అనేది. నేను స్పానరు కిటికీ గట్టు మీద పెట్టేదాన్ని. వదిన దాన్ని తీసి వాడికి అందించేది. ఒక్కోసారి ఆ స్పానరుకి పప్పు మరక అంటుకుని వచ్చేది.

"మీ ఇద్దరి మధ్య టెలిఫోన్ తీగలా ఐపోయాను నేను" అనేది వదిన. "కాకులు కూడా వచ్చి వాలతాయి ఇంకో నాలుగు రోజులుంటే."

ఆ టెలిఫోన్ లేనప్పుడు పని ఎలా? బండి ఎత్తేటప్పుడు నేను "ఊ" అనాలి కదా. అనడం మానేశాను. నా పక్కన ఖాళీ గ్రీజు డబ్బా బోర్లించుకుని, స్పానరుతో దానిమీద ఒక్కటి కొట్టేదాన్ని. కొడితే వాడు జాకీ కొట్టేవాడు. కొట్టకపోతే ఆగేవాడు. బాగానే సాగింది. మాటలకంటే ఇదే నయం అనుకునేంత పొగరు కూడా వచ్చింది నాకు. ఒక్కటే లోటు. ఆ డబ్బాతో అవును అనొచ్చు, కాదు అనొచ్చు. "ఉండు, నాకు అర్థం కావడం లేదు" అనడానికి లేదు.

నెల దాటాక నవ్వులాట పోయింది. ముగ్గురం ఒకే గదిలో కూర్చుని తిన్నా గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం ఉండేది కాదు. నాకు ఏడుపొచ్చేది. రాత్రి దుప్పటి నోట్లో కుక్కుకునేదాన్ని. పొద్దున లేచి మళ్ళీ మూతి ముడుచుకునేదాన్ని. ఒకరోజు వదిన బియ్యం కడుగుతూ అంది, "నువ్వే ముందు మాట్లాడితే ఏం పోతుంది? పెద్దవాడు."

"నేను చెప్పింది నిజం కదా వదినా."

"నిజమే. ఎవరు కాదన్నారు? ఆయనకీ తెలుసు అది నిజమని. అదే ఆయన బాధ." నీళ్ళు వంపి, "చిన్నప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకుని ఒక్కడే కూర్చునేవాడట మీ నాన్న లేనప్పుడు. వినడం నేర్చుకుందామని. నాకు పెళ్ళైన కొత్తలో చెప్పాడు. నీకు చెప్పొద్దన్నాడు" అంది.

మా నాన్న ఒక్క మాట అని ఊరుకున్నాడు, వాడు ముప్ఫై ఏళ్ళు దాన్ని మోశాడు. ఆ రోజే అనుకున్నాను. ఇక మీదట నలుగురిలో గానీ, ఒంటరిగా గానీ వాడి మాటకి అడ్డు చెప్పను. ఎప్పుడో ఒకప్పుడు వాడంతట వాడే మాట్లాడతాడు. నాకు ఆ ఒక్కటీ కావాలి, ఇంకేం వద్దు. వాడు నన్ను పిలిచి ఏదైనా తిట్టినా చాలు.

మంచి జరుగుతున్నట్టే అనిపించింది. ఒకరోజు నేను బజారుకి బయలుదేరితే, "గొడుగు తీసుకెళ్ళమను" అని వినపడింది వెనకనుంచి. వదినకే చెప్పాడు. అయినా సరే. ఆ గొడుగు వేసుకుని వానలేని దారిలో కూడా నడిచాను.

అలా రెండు నెలలు దాటాయి. సర్వేవాళ్ళ పెద్ద జీపు వచ్చింది, వెనక చక్రం బేరింగు కూస్తోందని. షెడ్డులో అప్పటికే ఇంజను దింపిన బండి ఒకటి అడ్డంగా ఉంది. పెద్ద జీపుని షెడ్డు వాకిట్లో నిలబెట్టాడు అన్నయ్య. మూడు రోజులుగా ముసురు. ఆ పూట తెరిపిచ్చింది గానీ, నేల మీద కాలు పెడితే మడమ దిగుతోంది.

నేను కిటికీ దగ్గరికెళ్ళి, "నేల మెత్తగా ఉంది, ఇంకో రెండు రోజులు ఆగుదామా అని అడుగు వదినా" అన్నాను.

వదిన అడిగింది. "నేల మెత్తగా ఉందని నాకు తెలుసని చెప్పు" అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు. మామూలుగానే అన్నాడు. మూల ఉన్న మందపాటి చెక్క తెచ్చి జాకీ కింద పరిచాడు. ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న చెక్కే అది. ముందు చక్రాలకి రాళ్ళు పెట్టాడు. అన్నీ పద్ధతిగానే చేశాడు. నేను స్క్రూడ్రైవర్ ఆనించి డబ్బా పక్కన కూర్చున్నాను.

ఒకటి, రెండు, మూడు. పట్టీలు కిర్రుమన్నాయి. నాలుగు, ఐదు. చక్రం నేల వదిలింది. ఆరో దెబ్బకి వచ్చింది ఆ చప్పుడు. ఎండు కొమ్మ మీద ఎవరో దూరంగా కాలు వేసినట్టు, చాలా చిన్నగా. అది స్క్రూడ్రైవర్‌లోంచి రాలేదు. ఖాళీగా ఉన్న రెండో చెవికి వచ్చింది. అంటే బండిది కాదు. జాకీదా, చెక్కదా, నేలదా, లేక పక్కింటి రేకు మీద ఏదైనా రాలిందా? నాకు తెలియలేదు.

తెలియకపోతే ఏం చేయాలో తెలుసు. పుట్టినప్పటినుంచీ తెలుసు.

నేను డబ్బా కొట్టలేదు. అన్నయ్య ఆగాడు. ఆగి తల తిప్పి నావైపు చూశాడు. రెండు నెలల్లో వాడు నా కళ్ళలోకి చూడడం అదే మొదలు. గడ్డం పెరిగింది. కళ్ళ కింద నల్లబడింది. నన్ను బతిమాలుతున్నట్టు అనిపించింది నాకు, మళ్ళీ మొదలుపెట్టకు అని. ఇప్పుడు ఆపితే నేల మెత్తగా ఉందని ముందే చెప్పానా లేదా అన్నట్టు అవుతుంది. చెక్క తప్పంటే వాడు తప్పన్నట్టే. ఇంకా రెండు నెలలు ఈ మౌనం భరించాలి. నావల్ల కాదు అనుకున్నాను.

స్పానరు ఎత్తి డబ్బా మీద ఒక్కటి కొట్టాను.

వాడు తలూపాడు. ఇంకో రెండు దెబ్బలు వేశాడు. బండి బరువు ఆపే ఇనప స్టాండు తీసుకుని, వెల్లకిలా పడుకుని, దాన్ని ఇరుసు కింద పెట్టడానికి కాళ్ళు ముందుగా పక్కనుంచి లోపలికి జరిగాడు. చెక్క నిలువునా చీలింది. జాకీ ఒరిగింది. బండి పక్కకి జారి కూర్చుంది. పెద్ద చప్పుడేం రాలేదు. బురద కదా.

తొడల దాకా బండి కింద ఉన్నాడు. అరవలేదు. వదిన ఎలా వచ్చిందో తెలియదు, కిటికీలోంచి దూకినంత పనిచేసింది. ఎదురు దుకాణం టైలరు పరుగెత్తుకొచ్చాడు. షెడ్డులోంచి రెండో జాకీ, ఇనపరేకు తెచ్చాను. రెండుసార్లు జాకీ తప్పుచోట పెట్టాను. టైలరు బండిని పట్టుకున్నాడు, పట్టుకుంటే ఆగేదేమీ కాదు గానీ పట్టుకున్నాడు. వదిన అన్నయ్య భుజాల కింద చేతులు పెట్టి కూర్చుంది. నేను జాకీ ఒక దెబ్బ కొట్టాను. "ఊ" అంది వదిన. ఇంకో దెబ్బ. "ఊ." ఎవరూ చెప్పలేదు ఆమెకి. ఇన్నేళ్ళు కిటికీలోంచి విన్నది కదా. అలా దెబ్బ దెబ్బకీ "ఊ" అంటూనే ఉంది, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా గొంతు వణకకుండా. వాణ్ణి బయటికి లాగేసరికి దాదాపు గంట పట్టింది.

కాళ్ళు పోతాయేమో అని ఏడ్చాం మేము. కాళ్ళ సంగతి కాదని డాక్టరు మర్నాడు చెప్పాడు. అంతసేపు నలిగిన కండలోని విషం రక్తంలోకి దిగిందట. కిడ్నీలు పనిచేయడం లేదట. ఆయన చెబుతున్నంతసేపూ నేను గోడమీద గడియారం వింటున్నాను. దాని పళ్ళచక్రం ఒకటి అరిగింది, ముల్లు పన్నెండు దగ్గర తడబడుతోంది. మనిషికి అలాంటప్పుడు కూడా అలాంటివే వినపడతాయి.

నాలుగో రోజు మధ్యాహ్నం వదిన మందులకి కిందికి వెళ్ళింది. నేను మంచం పక్కన స్టూలు మీద ఉన్నాను. ఒళ్ళంతా ఉబ్బిపోయి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.

"ఏయ్" అన్నాడు.

నన్నే పిలిచాడు. వంగాను.

"ఆ చప్పుడు నాకూ వినపడింది" అన్నాడు.

నేను స్టూలు ఇంకా దగ్గరికి జరుపుకున్నాను.

"చెక్కదే అనిపించింది నాకు. నువ్వు ఆపుతావని చూశాను." ఊపిరి అందక ఆగాడు. పెదాలు తడిపాను. "నువ్వు కొట్టావు. సరేలే, నాకంటే దానికి బాగా తెలుసు కదా అనుకున్నా." నవ్వబోయాడు. "నీ చెవి కదా మంచిది."

దెప్పిపొడవలేదు వాడు. అలా అన్నా బాగుండేది. ప్రేమగా అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఒప్పుకోలేనిదాన్ని ఆ వాకిట్లో నన్ను చూసిన ఆ ఒక్క క్షణంలో ఒప్పుకున్నాడు. వాడు ఒప్పుకున్న క్షణంలోనే నేను వాడికోసం నా చెవిని కాదన్నాను. వాడి చెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకుని, "అన్నయ్యా, నాకు తెలియలేదురా" అన్నాను. విన్నాడో లేదో. కళ్ళు మూసుకున్నాడు. ఆరో రోజు తెల్లవారాక పోయాడు.

ఇంటికి తెచ్చాక, అందరూ వచ్చి వెళ్ళాక, వదిన నా పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. అడిగింది.

"నీతో మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"నిజంగానా? ఏమన్నాడు?"

చెబుదామనుకున్నాను. నిజంగా చెబుదామనే నోరు తెరిచాను. ఆమె ముఖం చూశాను. ఆ ఆరు రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో కాస్త వెలుగు కనపడింది.

"నా చెవి మంచిదన్నాడు" అన్నాను.

వదిన నా మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. "అన్నాడా? అనేశాడా? పోనీలే తల్లీ, పోనీలే. మాట్లాడుకున్నారు మీరిద్దరూ. నాకు ఆ బెంగ ఒక్కటీ తీరింది."

ఇప్పటికీ ఇంటికి ఎవరు వచ్చినా వదిన ఆ మాట చెబుతుంది. పోయేముందు చెల్లెల్ని పిలిచి మాట్లాడాడు, నాదేం లేదు, నీదే మంచి చెవి అన్నాడు, అంత మంచి మనసు ఆయనది అని. వచ్చినవాళ్ళు నావైపు జాలిగా చూసి, అదృష్టవంతురాలివమ్మా అంటారు. నేను తల వంచుకుని కూర్చుంటాను. నలుగురిలో నిజం చెప్పకుండా ఉండలేని దాన్ని కదా నేను. ఇది మాత్రం చెప్పలేకపోతున్నాను.